చేతితో వడికిన రెండు పేటల ఉన్ని దారం: జడల టోపీ అల్లి చూసిన తరువాత

గత మార్గశిరంలో విజయనగరంలో జరిగిన ఒక హస్తకళల ప్రదర్శనలో, హిమాచల్ కొండల నుంచి వచ్చిన స్త్రీల బృందం పెట్టుకున్న దుకాణంలో, చేతితో వడికిన ఉన్ని దారం రెండు చిలపలు (దారపు చుట్టలు) కొన్నాను. రంగు వేయని దారం. గొర్రె ఒంటి మీద ఎలా ఉంటుందో అలాగే, తెలుపులో లేత బూడిద కలిసి ఉంది. చిలపకు కట్టిన చీటీ మీద ‘స్వచ్ఛమైన ఉన్ని, చేతి వడుకు, 100 గ్రాములు’ అని హిందీలో రాసి ఉంది, అంతకు మించి మరో వివరం లేదు. వెల చిలపకు 350 రూపాయలు. నెల తిరిగాక అదే దారం ఇంకొక చిలప కావాలని ఫోనులో చెప్పి పోస్టులో తెప్పించుకున్నాను. ఈ మూడు చిలపలను కడిగి, కొలిచి, రెండింటితో టోపీ ఒకటి అల్లి పూర్తిచేసిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను. చేతి వడుకు ఊలు కొనాలా వద్దా అని మన ప్రాంతంలో అల్లిక తెలిసిన స్త్రీలు నన్ను చాలాకాలంగా అడుగుతూనే ఉన్నారు కనుక, కొంచెం వివరంగానే రాస్తాను.

శ్రీకాకుళంలో ఉన్ని టోపీ అవసరమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. ధనుర్మాసం తెల్లవారుజామున నాగావళి ఒడ్డున నడిచేవారికి ఒక మఫ్లరు, మరీ చలి అయితే మంకీ క్యాపు సరిపోతాయి. సంక్రాంతి దాటితే అవి కూడా పెట్టెలోకి వెళ్ళిపోతాయి. టోపీ నేను అల్లింది సైన్యంలో చేరి లేహ్‌లో పనిచేస్తున్న మా మేనల్లుడి కోసం. సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊళ్ళో జనవరి రాత్రులు సున్నాకు పది పదిహేను డిగ్రీలు దిగువన ఉంటాయి. డ్యూటీలో వేసుకునే బట్టలన్నీ సైన్యమే ఇస్తుంది. ‘‘గదిలో కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు పెట్టుకోవడానికి ఒకటి అల్లి పెట్టు అత్తా, నీ పాత స్వెట్టరు మీద ఉన్న ఆ జడలు ఉండాలి’’ అని వాడు అడిగాడు. కేబుల్ అల్లికను మా ఇళ్ళలో జడ డిజైను అనే అంటాం. పాయలు ఒకదాని మీదుగా ఒకటి దాటుతూ పోయే ఆ రూపానికి అంతకంటే సరైన మాట లేదు.

దారం సంగతికి వస్తాను. మా అమ్మమ్మది పొందూరు. 24 ఆకుల రాట్నం మీద ఒక్క కదురుతో ఆమె నూలు వడుకుతుంటే పక్కన కూర్చుని పెరిగినదాన్ని. అందువల్ల ఏ దారం చేతికి వచ్చినా ముందు దాని నంబరు ఎంత, పురి (దారంలోని మెలి) ఎంత అని చూడడం నాకు అలవాటు. నూలుకు ఉత్త బరువు చెబితే చాలదని పొందూరులో పిల్లలకు కూడా తెలుసు. 840 గజాల చిలపలు ఒక పౌను బరువుకు ఎన్ని తూగితే అది అన్నో నంబరు నూలు. నంబరు పెరిగిన కొద్దీ దారం సన్నబడుతుంది. పొందూరు సన్న ఖాదీకి పేరు తెచ్చిన 100 నంబరు నూలునే తీసుకుంటే, ఒక్క పౌను పత్తి 84,000 గజాల దారం అవుతుంది. అంటే 76 కిలోమీటర్లకు పైమాటే. ఒక కొస శ్రీకాకుళంలో పట్టుకుని విజయనగరం దాకా పరిచినా ఇంకా దారం మిగిలే ఉంటుంది. బరువు, పొడవు రెండూ కలిపి చెబితే తప్ప దారం లావు తెలియదు, లావు తెలియకపోతే దానితో ఏమి చేయవచ్చో తెలియదు. ఉన్నికైనా లెక్క ఇదే. 100 గ్రాములు అని రాసి పొడవు రాయకపోవడం ఈ సరుకులో నాకు కనిపించిన మొదటి లోపం, నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద లోపం కూడా.

కనుక పొడవు నేనే కొలుచుకోవలసి వచ్చింది. రెండు కుర్చీలను వీపు వీపు ఎడంగా నిలిపి, ఒక చుట్టు సరిగ్గా ఒకటిన్నర మీటరు వచ్చేలా సర్ది, దారాన్ని సాగదీయకుండా చుడుతూ లెక్కపెట్టాను. మొదటి చిలప 110 చుట్లు వచ్చింది, అంటే 165 మీటర్లు. రెండవది 124 చుట్లు, 186 మీటర్లు. వంటింటి తూకం మీద పెడితే మొదటిది 96 గ్రాములు, రెండవది 98 గ్రాములు తూగాయి. ఉన్ని గాలిలోని తేమను బట్టి బరువు మారే పదార్థం కాబట్టి ఆ రెండు మూడు నాలుగు గ్రాముల తరుగును నేను తప్పు పట్టను. ఒకే బుట్టలోంచి తీసి ఇచ్చిన రెండు చిలపల మధ్య 21 మీటర్ల తేడా ఉండడం మాత్రం కొనేవారు తప్పక తెలుసుకోవలసిన విషయం. మొదటి చిలపలోని దారం లావు, రెండవ దానిలోది కొంచెం సన్నం. స్కేలు మీద పక్కపక్కనే చుట్టి చూస్తే మొదటిది అంగుళానికి 8 నుంచి 9 చుట్లు, రెండవది 9 నుంచి 10 చుట్లు పట్టింది.

ఆ దుకాణంలో ఒంటి పేట దారం, అంటే ఒకే పోగు దారం, కూడా ఉంది. చిలపకు యాభై రూపాయలు తక్కువ, పైగా చూడడానికి ఎంతో మెత్తగా ఉంది. నేను దాన్ని వదిలి రెండు పేటల దారమే తీసుకోవడానికి కారణం చెప్పాలి. నేతలో ఒంటి పేట నూలు చక్కగా పనిచేస్తుంది; పడుగుకు గంజి పెట్టి, మగ్గం మీద బిగించి, పేక దాన్ని అడ్డంగా పట్టి ఉంచడంతో ఆ పురి ఎటూ తిరగలేదు. అల్లికలో అలా పట్టి ఉంచేది ఏదీ లేదు. ప్రతి కుట్టూ ఒక వదులు ఉచ్చు. ఒంటి పేటలో మిగిలిపోయిన పురి ప్రతి ఉచ్చునూ కొంచెం కొంచెంగా ఒకే పక్కకు తిప్పుతుంది. వంద వరసలు అల్లేసరికి గుడ్డంతా ఏటవాలుగా ఒరిగిపోతుంది. జడలు నిలువుగా పైకి పోవలసిన టోపీకి అది పనికిరాదు. రెండు పేటలను వడికిన దిశకు ఎదురు దిశలో కలిపి పురి పెడితే ఒకదాని తిరుగుడును మరొకటి సరిచేస్తుంది. కొనే ముందు చిలపను ముడి విప్పించి ఒక వేలికి వేలాడదీసి చూడండి. అది నిటారుగా వేలాడితే పురి సమంగా కుదిరినట్టు. తనంతట తానే తాడులా మెలితిరిగిపోతే పురి ఎక్కువైనట్టు. నేను అడగగానే ఆ దుకాణంలోని ఆవిడ విసుక్కోకుండా నాలుగు చిలపలు విప్పి చూపించింది. ఆ మర్యాదను ఇక్కడ రాయడం నా ధర్మం. నేను ఎంచుకున్న రెండూ అర మెలిక తిరిగి ఆగాయి, నీళ్ళలో నానితే అది కూడా పోతుందని తెలిసి తీసుకున్నాను.

దారాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే చుట్టూ సన్నని నూగు లేచి కనిపిస్తుంది. ఇది ఏకిన ఉన్ని, దువ్విన ఉన్ని కాదు. ఈ తేడాను మన ప్రాంతం వారికి సులువుగా చెప్పవచ్చు. పొందూరులో గింజ తీయక ముందు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడకు ఉండే సన్నని పళ్ళ వరస చెత్తను లాగివేసి, పోగులన్నిటినీ ఒకే దిక్కుకు పడుకోబెడుతుంది. ఆ నూలు అంత నున్నగా రావడంలో ఆ దవడ పాత్ర చాలా ఉంది. ఉన్నిలోనూ అలా దువ్వి వడికే పద్ధతి ఒకటి ఉంది. దానితో వచ్చే దారం నున్నగా, గట్టిగా ఉంటుంది. ఈ చిలపల్లోది ఆ రకం కాదు. ముళ్ళ పలకల మధ్య ఏకి, ఏకులుగా చుట్టి వడికినది. వెంట్రుకలు అన్ని దిక్కులకూ తిరిగి ఉంటాయి, వాటి మధ్య గాలి నిలుస్తుంది. ఉన్నిలో వెచ్చదనమంతా ఆ గాలిదే. అందుచేత ఇది దువ్విన దారం కంటే తేలికగా, వెచ్చగా ఉంటుంది, కానీ ఆ నూగు జడ అంచులను కొంత మసకబరుస్తుంది. రెండూ ఒకే దారంలో కావాలంటే దొరకవు. లేహ్‌కు పోయే టోపీకి నాకు వెచ్చదనమే ముఖ్యమైంది.

అల్లడానికి ముందే కడిగి తీరాలి. గోరువెచ్చని నీళ్ళలో కుంకుడు రసం కలిపి చిలపలను అరగంట నానబెట్టాను. రుద్దకూడదు, పిండకూడదు, వేడి నీళ్ళు తగిలి రాపిడి కూడా తోడైతే ఉన్ని అట్టకట్టుకుపోతుంది. గొర్రె వాసన గదంతా నిండింది, నీళ్ళు లేత టీ రంగుకు తిరిగాయి, అడుగున ఇసుక, ఎండుగడ్డి తునకలు, ఒకటి రెండు ముళ్ళకాయల ముక్కలు మిగిలాయి. రెండవసారి నీళ్ళు దాదాపు తేటగా వచ్చాయి. తువ్వాలులో చుట్టి అద్ది, వరండాలో నీడన వేలాడదీశాను. ఆరిన తరువాత వాసన పోయింది, మెలిక పోయింది, దారం కొంచెం ఉబ్బి మెత్తబడింది. గడ్డి తునకలు మాత్రం అల్లుతున్నంతసేపూ వస్తూనే ఉన్నాయి. గోటితో తీసివేస్తూ అల్లాను. ఇది లోపమే అయినా పెద్దది కాదు. ఉన్నిని ఆమ్లంతో శుద్ధి చేసే మిల్లుల్లో ఆ చెత్తంతా పోతుంది, దానితోపాటు ఉన్నికి సహజంగా ఉండే జిడ్డు, జీవం కూడా కొంత పోతాయి.

సూదుల విషయం. మన ఊళ్ళలో గాజుల దుకాణాల్లోనూ, లేసుల దుకాణాల్లోనూ దొరికే ఊలు సూదుల మీద పాత నంబర్లే ఉంటాయి: 6 నంబరు అంటే 5 మిల్లీమీటర్లు, 7 నంబరు అంటే నాలుగున్నర, 8 నంబరు అంటే 4. ఇక్కడా నూలులో లాగే నంబరు పెరిగితే సన్నం. ఈ లావు దారానికి 6 నంబరు సూది సరిపోతుందని చాలామంది అంటారు. నేను ముందు దానితోనే ఒక నమూనా ముక్క అల్లాను. కుట్లు వదులుగా పడి జడ పైకి లేవకుండా చదునుగా కూర్చుంది. 7 నంబరుతో మళ్ళీ అల్లితే అదే దారంతో అదే జడ వేలితో తడిమితే తెలిసేంత ఉబ్బుగా వచ్చింది. సాదా అల్లికలో 10 సెంటీమీటర్లకు 19 కుట్లు లెక్క తేలింది. రెండు పేటల దారం గుండ్రంగా కాక కాస్త పలకగా ఉంటుంది. దాన్ని వదులుగా అల్లితే కుట్టు విచ్చుకుపోతుంది. మూడు పేటల దారమైతే గుండ్రంగా ఉండి జడను ఇంకా చక్కగా నిలబెట్టేది, కానీ అది ఆ దుకాణంలో లేదు. గుండ్రంగా అల్లేందుకు తీగ ఉన్న 40 సెంటీమీటర్ల సూది మన దగ్గర దొరకక బయటి నుంచి తెప్పించాను.

టోపీ లెక్క ఇలా వేసుకున్నాను. మేనల్లుడి తల చుట్టుకొలత 56 సెంటీమీటర్లు. టోపీ సాగి తలను పట్టుకోవాలి కాబట్టి 49 సెంటీమీటర్ల దగ్గర ఉంచాలి. అంచుకు 8 నంబరు సూదితో 96 కుట్లు ఎక్కించి, రెండు నిట్ (సాదా కుట్లు), రెండు పర్ల్ (తిరగ కుట్లు) చొప్పున 6 సెంటీమీటర్లు పట్టీ అల్లాను. తరువాత 7 నంబరుకు మారుతూ ప్రతి 12 కుట్లకు రెండు కుట్లు పెంచితే 112 అయ్యాయి. ఈ పెంపు లేకపోతే టోపీ తలకు పట్టదు. జడ దాటిన చోటల్లా గుడ్డ లోపలికి గుంజుకుంటుంది, సాదా అల్లికలో 10 సెంటీమీటర్లకు 19 ఉన్న కుట్లు జడల్లో 23 దాకా పోతాయి. 112 కుట్లను 14 చొప్పున ఎనిమిది భాగాలు చేశాను: రెండు పర్ల్, ఆరు కుట్ల పెద్ద జడ, రెండు పర్ల్, నాలుగు కుట్ల చిన్న జడ. పెద్ద జడ 8 వరసలకు ఒకసారి, చిన్నది 4 వరసలకు ఒకసారి మలుపు తిరుగుతుంది.

రెండు చిలపల లావు వేరు కాబట్టి మొదటి వరస నుంచే రెండింటినీ కలిపి వాడాను: రెండు వరసలు ఒక ఉండతో, రెండు వరసలు మరో ఉండతో, దారం తెంచకుండా లోపలి పక్క నుంచి పైకి తీసుకుంటూ పోయాను. ఒక చిలప అయ్యాక ఇంకొకటి మొదలుపెట్టి ఉంటే టోపీ నడుమ ఒక గీత గీసినట్టు తేడా కనిపించేది. ఇప్పుడు ఎంత వెతికినా కనిపించదు. చేతి వడుకు దారం కొనేవారు ఈ ఒక్క జాగ్రత్త మరవకూడదు.

జడ మలుపు తిప్పే వరసలో ఈ దారం గుణం బాగా తెలిసింది. ఆరు కుట్లలో మొదటి మూడింటిని రెండు మొనల పొట్టి సూది మీదికి జార్చి ముందు వైపు వదిలి, తరువాతి మూడింటిని ముందుగా అల్లి, ఆ పిమ్మట వదిలిన మూడింటినీ అల్లాలి. ఆ క్షణంలో ఆరు కుట్లూ ఒకదాని మీద ఒకటి ఎక్కి బిగుసుకుంటాయి. సాగని నూలుతో ఈ పని చేస్తే వేళ్ళు నొప్పి పుడతాయి. ఒకప్పుడు నూలు దారంతో జడలు వేయబోయి సగంలో మానుకున్నాను. ఈ ఉన్ని ఆ బిగువుకు సాగి, సూది దాటగానే మళ్ళీ తన చోటికి తాను ముడుచుకుంది. ఇరవయ్యవ వరసలో, సరిగ్గా పెద్ద జడ దాటే చోట, బొటనవేలి గోరంత లావున పురి పట్టని ముద్ద ఒకటి వచ్చి పడింది. వడికేటప్పుడు పురి ఎప్పుడూ సన్నని చోటికే పరుగెత్తుతుంది, లావు చోట మిగిలేది తక్కువ. అందుకే అలాంటి ముద్ద బలహీనంగా ఉంటుంది, జడ మీద పుండులా కనిపిస్తుంది కూడా. ఆ మూడు కుట్లు విప్పి, ముద్దను తెంచివేసి, రెండు కొసలనూ విడదీసి తడిపి ఒకదానిలో ఒకటి పెట్టి అరచేతుల మధ్య గట్టిగా రాశాను. పది క్షణాల్లో ముడి అవసరం లేకుండా అతుక్కుపోయింది. తరువాత ఆ చోటు నాకే దొరకలేదు. మిల్లులో కడిగినప్పుడు అట్టకట్టకుండా మందు పట్టించిన ఊలు ఇలా అతకదు. ఇలాంటి ముద్దలు రెండు చిలపల్లో కలిపి అయిదు వచ్చాయి. చేతి వడుకుకు అది ఎక్కువేమీ కాదు.

నడినెత్తి దగ్గర ముందు పర్ల్ కుట్లను జంటలుగా కలిపి, తరువాత జడలనే ఆరు నుంచి నాలుగుకు, నాలుగు నుంచి రెండుకు సన్నం చేస్తూ 16 కుట్లు మిగిలే దాకా తగ్గించి, దారం గుచ్చి లాగి బిగించాను. పూర్తయిన టోపీని మళ్ళీ తడిపి, బోర్లించిన స్టీలు గిన్నె మీద తొడిగి, పట్టీని మాత్రం గిన్నెకు తగలనీయకుండా వదులుగా ఉంచి ఆరబెట్టాను. ఆరాక జడలు తీరుగా కూర్చున్నాయి. మెషిను ఊలు టోపీలో ఉండే పదును ఈ అంచుల్లో లేదు. దూరం నుంచి చూస్తే జడ స్పష్టంగా ఉంటుంది, దగ్గరికి తెస్తే అంచు నూగులో కలిసిపోతుంది. రంగు వేయని లేత ఉన్ని ఎంచుకోవడం మంచిదయింది. అదే దుకాణంలోని ముదురు గోధుమ రంగు చిలపతో అల్లి ఉంటే నీడలు పడక సగం పని కనిపించకుండా పోయేది.

తూకం వేస్తే టోపీ 96 గ్రాములు ఉంది. మొదటి చిలప బరువు కూడా 96 గ్రాములే. బరువు చూసి లెక్క కట్టేవారు ఒక్క చిలప కొంటే చాలునని అనుకుంటారు. కానీ టోపీకి పట్టిన దారం 174 మీటర్లు. మొదటి చిలపలో ఉన్నది 165. ఆ ఒక్క చిలపనే నమ్ముకుని ఉంటే నడినెత్తి ముడుచుకునే చోట 9 మీటర్ల దారం తక్కువ పడి ఆగిపోయేదాన్ని. అప్పటికి ప్రదర్శన ముగిసి, ఆ బృందం తమ కొండలకు వెళ్ళిపోయి ఉంటుంది. పొడవు రాయని చీటీ వల్ల కలిగే నష్టం ఇటువంటిది.

ఇక పోస్టులో వచ్చిన మూడవ చిలప. మొదటి రెండింటితో కలిపి మెడకు కూడా ఒకటి అల్లాలని, మిగిలిన దారంలోంచి జానెడు ముక్క కత్తిరించి, దాని ఫోటో తీసి పంపి, సరిగ్గా ఇదే కావాలని చెప్పాను. పదిహేను రోజులకు వచ్చింది. కుర్చీలకు చుడితే 90 చుట్లే వచ్చింది, అంటే 135 మీటర్లు. బరువు 97 గ్రాములు. అది మరో చేతి వడుకు, మరో లావు, చేతికి తగిలే తీరులోనే వేరు. ఫోను చేస్తే చేతి వడుకు ఇలాగే ఉంటుందమ్మా అన్నారు. ఈ మాటను నేను ఒప్పుకోను. ఒక చిలప లోపల దారం అక్కడక్కడ లావు సన్నం కావడం చేతి సహజం, అందులో ఒక అందం కూడా ఉంది. 186 మీటర్ల దారం అడిగినవారికి 135 మీటర్ల దారం అదే పేరుతో, అదే వెలకు ఇవ్వడం చేతి సహజం కాదు, అమ్మేచోట వేరుచేసి పెట్టుకోకపోవడం. పొందూరులో ముసలి చేతులతో, కళ్ళజోడు లేకుండా వడికిన నూలును కూడా నంబరు చూసి వేరుచేసి పెడతారు. ఒక చిన్న తక్కెడ, ఒక కొలత చట్రం ఉంటే ఉన్నికి కూడా ఆ పని జరుగుతుంది. ఆ కొండ స్త్రీల కష్టం మీద నాకు గౌరవం ఉంది కాబట్టే ఇది నొక్కి చెబుతున్నాను. ఇంత మంచి దారానికి చీటీ మీద రెండు అంకెలు రాయకపోవడం వల్ల కొన్నవారు రెండవసారి రాకుండా పోతారు. డబ్బు వాపసు ఇస్తామన్నారు, నేనే వద్దన్నాను. మెడ అల్లిక ఆలోచన మాత్రం మానుకున్నాను.

గరుకు సంగతి కూడా చెప్పాలి. ఈ ఉన్ని మెరీనో జాతి గొర్రెల ఉన్ని అంత మెత్తన కాదు. చేతికి బాగానే ఉంటుంది, నుదుటికి తగిలితే పది నిమిషాలకు దురద మొదలవుతుంది. నేనే పెట్టుకుని చూశాను. దీనికి లోపల అంచు వేయక తప్పదు. మా నాన్నగారి పాత పొందూరు పంచె ఒకటి ఉతికి ఉతికి వెన్నలా అయి ఉంది. దానిలోంచి నాలుగు సెంటీమీటర్ల వెడల్పు పట్టీని ఏటవాలుగా కత్తిరించాను. నిలువుగానో అడ్డంగానో కత్తిరిస్తే నేత గుడ్డ సాగక టోపీ తలలో దూరదు. ఏటవాలుగా కత్తిరిస్తే అల్లికతో పాటు సాగుతుంది. దాన్ని టోపీ పట్టీ లోపలి పక్క, పట్టీని 56 సెంటీమీటర్లకు సాగదీసి పట్టుకుని, వదులుగా చేతికుట్టు వేశాను. బయటికి కనిపించదు. నుదుటికి తగిలేది ఇప్పుడు పంచె గుడ్డే.

వెల విషయంలో నాకు ఫిర్యాదు లేదు. టోపీకి పట్టిన దారం విలువ 350 రూపాయల లోపే. అంతకంటే చవకగా దుకాణాల్లో అక్రిలిక్ ఊలు దొరుకుతుంది, కానీ తేమ దగ్గర ఆ రెండింటికీ పోలిక లేదు. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకుని కూడా తడిగా తోచదు. చెమట పట్టిన తల మీద చలిగాలి తగిలే చోట అది ఎంత అవసరమో అక్కడ ఉన్నవారికే తెలుస్తుంది. స్వెట్టరు అల్లదలచినవారికి మాత్రం ఈ దారం నేను సిఫారసు చేయను. పది పన్నెండు చిలపలు ఒకే లావున దొరుకుతాయన్న నమ్మకం లేదు. టోపీకి, మఫ్లరుకు, చేతి తొడుగులకు మనసారా చెబుతాను: దుకాణం దగ్గర నిలబడి, చిలప విప్పించి, వేలాడదీసి చూసి, ఒకటికి రెండు తీసుకుని, ఇంటికి వచ్చి పొడవు కొలుచుకోండి. అల్లిక కొత్తగా నేర్చుకుంటున్నవారు జడ జోలికి మొదటే పోకుండా ఈ దారంతో ఒక సాదా టోపీ అల్లితే దాని స్వభావం చేతికి తెలుస్తుంది.

టోపీ మాఘమాసంలో చేరింది. మేనల్లుడు ఫోటో పంపాడు. పట్టీ చెవుల మీదికి దిగింది, జడలు నడినెత్తి దాకా వంకర లేకుండా పోయాయి. మొన్న ఫోను చేసి, తన గదిలో ఉండే బొబ్బిలి అబ్బాయి కూడా అలాంటిది కావాలంటున్నాడని, దారం ఉందా అత్తా అని అడిగాడు. మిగిలిన రెండు ఉండలనూ కుర్చీలకు చుట్టి లెక్కపెట్టాను. 118 చుట్లు, అంటే 177 మీటర్లు. ఉంది, మూడు మీటర్లు మిగులుతుంది కూడా అని చెప్పి, వాడి తల చుట్టుకొలత టేపు పెట్టి కొలిచి పంపమన్నాను.